మా నాన్న వెనక్కి తిరిగి నిలబడ్డ రోజు

ఇవాళ పొద్దున మనవరాలికి గురుకులంలో సీటు వచ్చిందని ఫోనులో కబురు రాగానే తిరువూరులోని మా ఇల్లు సంతలా అయిపోయింది. స్వీట్లు పంచుతూనే కోడలూ, మా చిన్నబ్బాయీ వాదనకు దిగారు. ప్రవేశపరీక్ష ఉండాల్సిందేనని ఆవిడ, కోచింగుకు పోలేని పిల్లల కోసం లాటరీ తియ్యడమే న్యాయమని వాడు. తీర్పు చెప్పమని ఇద్దరూ నా వైపు చూశారు గానీ, నా మనసు అప్పటికే యాభై ఏళ్లు వెనక్కి పరుగు తీసింది. ఆ రోజుల్లో అయిదో తరగతి చదివి, గురుకులం సీటు కోసం ఎదురుచూసిన వాళ్లకు ఆ దడ ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

మా నాన్న పెనుగొలను బళ్లో మాష్టారు. ఆయనతోపాటు రోజూ బస్సెక్కి వెళ్లి నేనూ అక్కడే చదువుకున్నాను. ఆ ఏడు, తెలివైన పిల్లల కోసం పెట్టిన ఒక గురుకులానికి ఒక్కో బడి నుంచి ఒక్కరినే పంపమన్నారు. ఆ ఒక్కరూ నేనే కావాలని నాకు పిచ్చి. అంత పిచ్చీ మా తరగతిలో కూలీ వాళ్ల అమ్మాయికీ ఉంది. పత్తితీతల రోజుల్లో బడి మానేసినా లెక్కల్లో నన్ను మాత్రం వదిలేది కాదు.

ఎంపిక చెయ్యాల్సింది మా నాన్నే. కూతురికి మార్కులు వేసుకున్నాడంటారేమోనని ఆయనకు అన్నం సయించలేదు. నా దస్తూరి ఎక్కడున్నా గుర్తుపట్టేస్తాడు కాబట్టి, పరీక్ష రాసిన మా తొమ్మిదిమంది పేపర్లకూ పేర్లు తీసేసి నంబర్లు వేసి, చర్చిలో ఆదివారం బడి పిల్లలకు వాక్యాలు ముత్యాల్లా రాసిచ్చే మా మేనత్త చేత తిరిగి రాయించాడు. తీరా దిద్దబోతే తొమ్మిదిమందికీ నూటికి నూరు! రాసుకుంటూ రాసుకుంటూ అత్త అందరి లెక్కలూ సరిచేసేసింది. “తప్పని తెలిసి తెలిసీ ఎట్టా రాసేదిరా, చెయ్యి ఆడొద్దూ?” అని తమ్ముణ్ణి ఎదురు దబాయించింది కూడాను. అసలు పేపర్లేమో, పని అయిపోయిందని పొయ్యిలో పెట్టేసిందట.

ఇక లాభం లేదని, ఊరందరి ముందూ నల్లబల్ల మీద పోటీ పెట్టాడు నాన్న. పనులు మానుకుని మరీ వచ్చారు జనం; వరండా నిండిపోతే కిటికీ ఊచలు పట్టుకుని వేలాడారు. ఒక్కొక్కరే తప్పుకుంటూ చివరికి మేమిద్దరమే మిగిలాం. బల్ల మధ్యన గీత గీసి, ఆఖరి లెక్క చదివి, నాన్న మాకు వీపు పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ముందెవరు చేస్తే వాళ్ల పేరు మీరే చెప్పండి, నేను చూడను అన్నాడు. సుద్దముక్కలు టకటకలాడాయి, అయిపోయిందని ఇద్దరం ఒక్కసారే అరిచాం. ఊరంతా ఒక్క గొంతుతో ఆ అమ్మాయి పేరు అరిచింది.

నా సుద్దముక్కే ముందు ఆగిందని ఈనాటికీ ఒట్టేసి చెబుతాను. కానీ వాళ్లమ్మ చేలోంచి అలాగే పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పుతుంటే, ఆ కేకల్లో, ఆ ఈలల్లో, ఏడవాల్సిన నేను కూడా ఎగిరెగిరి చప్పట్లు కొట్టాను.

తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ నాన్న మెల్లగా అడిగాడు.

“నిజం చెప్పమ్మా, ముందెవరు చేశారు?”

“తనే నాన్నా” అన్నాను.

ఆ రాత్రి ఆయన కడుపునిండా అన్నం తిన్నాడు. నేను తిరువూరు హైస్కూల్లోనే చదివి, ఆయనలాగే పంతులమ్మనయ్యాను.

ఇప్పుడు పేపర్లు యంత్రాలు దిద్దుతున్నాయి, ఎవరి దస్తూరీ ఎవరికీ తెలియదు, మంచిదే. మనవరాలి కబురు వినగానే నేనూ ఈ వయసులో గంతేశాను, దాచడమెందుకు. కానీ ఇంతమందిమి పొద్దుట్నుంచీ పరీక్షా లాటరీ అని గొంతులు చించుకున్నామే గానీ, సీటు దక్కని పిల్ల ఎవరో, ఇప్పుడేం చేస్తోందో ఒక్కరమైనా అడగలేదు, నేను కూడా.