పొద్దున వాడితేనే దప్పిక

పక్క చేను పెద్దమ్మ పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసేసరికి నేను ఆత్మకూరు మార్కెట్లో బెండకాయల బస్తా దించుతున్నాను. చుట్టరికం ఏమీ లేదు. మా చేలకు మధ్య ఒక గట్టు, అంతే. అయినా బస్తా అక్కడే వదిలేసి ఊరికి బయలుదేరాను.

ఆమె నాకు నేర్పిందేమిటో చెబితే మీరు ఇంతేనా అంటారు. నీళ్ళు ఎప్పుడు పెట్టకూడదో నేర్పింది. మా ఉదయగిరి దారిలో బోర్లున్నవాళ్ళం చాలామందిమి ఒకే తప్పు చేస్తాం. మోటారుకు ఆటో స్టార్టర్ తగిలించి ఇంట్లో కూర్చుంటాం. కరెంటు వచ్చినప్పుడల్లా చేను తడుస్తుంది.

ఒక ఏడాది నా టమోటా మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేసేది. పాపం దప్పికని ఇంకా నీళ్ళు పెట్టాను. పెట్టేకొద్దీ వాడింది. పెద్దమ్మ గట్టు దిగి వచ్చి, నన్నడగకుండానే ఒక మొక్క పీకి నా ముక్కు దగ్గర పెట్టింది. వేర్లు కుళ్ళి కంపు కొడుతున్నాయి.

"దప్పిక కాదబ్బయా, ముంచి చంపతుండావు. మద్యాన్నం వాడితే అది ఎండకి. పొద్దన్నే వాడితేనే దప్పిక. పొద్దన్నే ఎప్పుడన్నా వచ్చి చూసినావా?"

చూడలేదు. కోపమొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ రోజే ఆటో స్టార్టర్ పీకించాను. సగం తోట దక్కింది.

ఆమెకు చదువు లేదు, సందేహాలు మాత్రం బోలెడు. మొక్క పక్కన జానెడు లోతు తవ్వి, మట్టి పిడికిట్లో పిసికి చూసేది. ఉండ కడితే ఇంటికి పోయేది, పొడిగా రాలితే మోటారు వేసేది. వ్యవసాయ ఆఫీసరు వస్తే ఆయన్నీ వదిలేది కాదు. "వంగ వేరు ఎంత లోతు పోతాదో మీరెప్పుడన్నా తవ్వి చూసినారా సార్?" ఆయన నవ్వి, "నువ్వే చెప్పు పెద్దమ్మా" అనేవాడు.

ఈ ఎండాకాలం మా ఇద్దరి బోర్లూ వట్టిపోతుంటే ఆమెను కొత్త ఆలోచన పట్టుకుంది. వంగతోటలో సాలు విడిచి సాలుకు నీళ్ళు పెట్టడం, ఈసారి వదిలేసిన సాళ్ళకు మరుసటి తడికి పెట్టడం. "సగం నీళ్ళకి కాపు నిలస్తాదేమో చూడాల. నిలిస్తే నీ తోటా బతకతాది" అంది. పూత చూసింది, కాపు చూడలేదు.

అంత్యక్రియలైన మూడో రోజు కూతురు వచ్చింది. "నీళ్ళు పెట్టన్నా, అమ్మ తోట ఎండిపోతాది. ఏ సాళ్ళ వంతో నాకు తెలీదు."

నాకూ తెలియదు. తప్పు సాళ్ళకు పెడితే ఆమె పరీక్ష అక్కడితో సరి. తెల్లవారగానే వెళ్ళాను. ఆకులు అప్పటికే వాలి ఉన్నాయి. మొదటి సాలు తవ్వితే ఇంకా కాస్త చెమ్మ తగిలింది. రెండోది తవ్వితే మట్టి పిండిలా రాలింది.

"పెద్దమ్మా, రెండో సాలే!" అని అరిచి, ఆ మట్టి చూపించడానికి గట్టు వైపు చెయ్యి చాచాను. గట్టు మీద ఎవరూ లేరు. మట్టి వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. వెళ్ళి మోటారు వేశాను.