మాధవరావు బావ పేరున వెలిగిన లైటు

మా బావ మాధవరావు గారు ఇక లేరు. కార్తీక పున్నమి వెళ్ళిన వారంలో, తెనాలిలో తన కళ్ళజోళ్ళ షాపు షట్టరు దించుతూ అక్కడే కూలబడిపోయారు. ఆసుపత్రికి చేర్చేలోగా ఆ నిష్కల్మష హృదయం స్పందించడం మానేసింది. అక్క ఫోను చేసి "తమ్ముడూ, మీ బావ..." అని ఆగిపోయింది. సంగతి బోధపడింది గాని మనసు ఒప్పుకోలేదు. రేపల్లె నుంచి తెనాలి దాకా కారు ఎలా నడిపానో ఇప్పటికీ గుర్తు లేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగారు. ఆయన పోయిన తర్వాత ఆయన పేరున నేను చేసిన నిర్వాకం తెలిస్తే అడిగేవారు కాదు. అదీ చెబుతాను. ముందు మనిషిని చెప్పాలి.

బావ పగలంతా జనానికి కళ్ళజోళ్ళు అమర్చేవారు. చీకటి పడితే ఆకాశాన్ని ఫోటోలు తీసేవారు. ఎవరైనా హాబీ అంటే నవ్వి, "వ్యసనం అనండి, నిజం చెప్పినట్టుంటది" అనేవారు. ఆ వ్యసనానికి తెనాలి అచ్చిరాలేదు. కల్యాణమండపాల ఫ్లడ్‌లైట్లు, షాపుల బోర్డులు, వీధిదీపాలు అన్నీ కలిసి పైన నారింజరంగు పొగలా పరుచుకుంటాయి. అందుకని స్కూటరుకు కెమెరా స్టాండు కట్టుకుని వేమూరు వైపు పొలాల్లోకి పోయేవారు. అక్కడా లైట్లు పెరిగాక బాపట్ల దాటి సముద్రపు ఒడ్డుకు మారారు. అక్కడ రిసార్టులు వెలిశాయి, ఆ పక్కన రొయ్యల చెరువుల మీద లైట్లు వచ్చాయి. తరుముతుంటే తప్పుకున్నట్టు తప్పుకుంటూ తప్పుకుంటూ, చివరికి రేపల్లెకు దక్షిణాన మా ఊరు చేరారు. మా పొలంలో మోటారు షెడ్డు పక్కన గట్టు మీద ఆయనకు కావలసిన చీకటి దొరికింది.

నా నోరు ఊరుకోదు. "ఏంటి బావా, తెనాల్లో లేని చుక్కలు మా ఊళ్ళో ఉన్నాయా?" అని ఆటపట్టించేవాణ్ణి. ఆయనకు కోపం రావడం నేనెరగను. "అక్కడా ఉన్నాయి శ్రీనూ. మనమే వాటి మొహాన లైటేశాం" అనేవారు.

ఆ పనిలో ఆయనకున్న ఓర్పు తపస్సే. ఆకాశంలో ఒకే చోటును రాత్రుల తరబడి పదేపదే తీసి, ఆ ఫోటోలన్నీ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. నాకర్థం కావాలని వంటింటి భాషలో చెప్పారు. "మీ అక్క రోజూ ఇంత మీగడ తీసి దాస్తది చూడు. ఒక్కరోజు మీగడకి నెయ్యి రాదు గదా. ఇదీ అంతే." నేను తలూపాను. ఆయన చెప్పిన ప్రతిదానికీ తలూపేవాణ్ణి. ఆ ఊపుడే గాని ఒక్క మాటా లోపలికి పోలేదని ఇప్పుడు తెలుస్తోంది.

కొత్తలో తెనాలి డాబా మీదనుంచే ప్రయత్నించేవారు. చుట్టుపక్కల ఇళ్ళకు స్వయంగా వెళ్ళి, చేతులు కట్టుకుని, "ఒక్క పది నిమిషాలు ఆ వరండా లైటు ఆపుతారా అండి?" అని అడిగేవారు. ఒకింటి పెద్దాయన, దొంగలు కూడా లైటు ఆర్పమని అడిగి వెళ్ళే రోజులొచ్చాయని వీధంతా వినబడేలా అన్నాడట. ఆ మాట మాకు చెప్పి బావే పడీపడీ నవ్వారు. మర్నాడు చంద్రుడి ఫోటో ఒకటి అచ్చు తీయించి అదే పెద్దాయనకు ఇచ్చి వచ్చారు. వెలుగు మీద ఆయనకు పగ లేదు. "వద్దనట్లేదండి, కిందికి పడేట్టు పెట్టుకోమంటున్నాను. మనం నడిచేది కిందే గదండి" అనేవారు.

తుఫాను వచ్చి స్తంభాలు పడిపోయిన ఏడు, బాపట్ల నుంచి రేపల్లె దాకా ఊళ్ళన్నీ చీకటైపోయాయి. గాలి తగ్గి ఆకాశం విచ్చుకున్న సాయంత్రం తెనాలిలో సొంత డాబా మీదనుంచే పాలపుంత కనబడింది. అక్కను పైకి పిలిచి చూపించారు, ఫోటో తీశారు. బతుకంతా ఎదురుచూసిన ఫోటో అది. దాన్ని ఎవరికీ చూపించలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే, "జనం మోటార్లు ఆడక తాగే నీళ్ళకి అల్లాడుతుంటే నేను డాబా మీద సంబరపడ్డాను శ్రీనూ. తల్చుకుంటే సిగ్గేస్తది" అన్నారు. తాను చేయని తప్పుకు కూడా సిగ్గుపడే మనిషి.

గత కొన్ని చలికాలాలుగా ఆయన మా గట్టు మీదనుంచి ఒక్క బొమ్మనే కూడబెడుతున్నారు. మృగశిర దగ్గర వరుసగా నిలబడే మూడు చుక్కల పక్కన, గుర్రం తల ఆకారంలో ఓ నల్లని మేఘం ఉందట. కంటికి ఆనదు. "వెనక పల్చటి ఎర్రటి వెలుగుంటది. ఆ వెలుగు దొరికితేనే ముందున్న నలుపు తెలుస్తది. మన లైట్లు దాన్ని మింగేస్తయ్యి" అని చెప్పారు. అక్క కూడా వెంట వచ్చేది. ఆయన కెమెరా గురి చూస్తే మీట నొక్కేది ఆమే. ఈ చలికాలంతో పూర్తవుతుందని ఇద్దరూ ఆశపడ్డారు.

ఇక నా నిర్వాకం. మా వైపు ఎవరైనా పోతే వారి జ్ఞాపకార్థం ఊరికేదో ఒకటి చేయించి పేరు రాయించడం ఆనవాయితీ. బస్టాపులో బల్లలు, శ్మశానానికి గేటు, మంచినీళ్ళ ట్యాంకు, ఏదో ఒకటి. చిన్నకర్మ నాడు మా ఊరి సుబ్బారావు బాబాయి నన్ను పక్కకు పిలిచాడు. "మీ బావ ఆ గట్టు మీద చీకట్లో ఒక్కడే కూర్చునేవోడురా, పాపం. ఓ లైటన్నా లేకపోయె. ఆయన పేరున బస్టాపు కాడ పెద్ద లైటుస్తంభం ఏయిద్దాం" అన్నాడు. చెబుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. నాకూ దుఃఖం పొంగుకొచ్చి, అద్భుతంగా ఉంది బాబాయ్ అన్నాను. చీకటి కోసమే అక్కడ కూర్చునేవారన్న సంగతి ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. ఆ క్షణాన గుర్తు రాలేదంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేకపోతున్నాను. అక్కను అడగలేదు, ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. పంచాయతీ సరేనంది. పెద్దకర్మ నాటికి స్తంభం లేచింది, మొదలు దగ్గర దిమ్మె మీద బావ పేరు పెద్ద అక్షరాలతో రాయించాను.

పెద్దకర్మ అయ్యాక అక్కను నిద్రకు మా ఇంటికి తీసుకొచ్చాను. పొద్దు గుంకాక బస్టాపు దగ్గర కారు ఆపాను. బాబాయి మీట నొక్కాడు. ఊరు, రోడ్డు, ఆ వెనక మా పొలం, మోటారు షెడ్డు, గట్టు, అన్నీ పట్టపగల్లా తెల్లబడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. అక్క దిమ్మె మీద పేరు చదివింది, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. తర్వాత కారులోంచి తన సంచీ తీసుకుంది. అందులో బావ కెమెరా ఉంది.

"నిద్రకి రమ్మన్నావు గదా తమ్ముడూ. నిద్ర ఎటూ పట్టదు, గట్టు మీద కూర్చుని ఆయన బొమ్మ పూర్తి చేద్దామని తెచ్చుకున్నాను" అంది.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు.

తెల్లవారగానే అక్కను తీసుకుని స్తంభం దగ్గరికి వెళ్ళాను. "ఇయ్యాలే పీకిస్తానక్కా" అంటున్నాను, ఇంతలో పాలు పోసే నాగమణి వచ్చి అక్క చేతులు పట్టుకుంది. ఆమె కూతురు రేపల్లెలో బట్టల షాపులో పని చేసి ఆఖరి బస్సుకు దిగుతుంది. "మీ ఆయనగారి పుణ్యమండి. రోజూ బస్సు దిగినకాణ్ణించి దాని ఊపిరి దాని కాడ ఉండేది కాదండి. రాత్రి నవ్వుకుంటా వచ్చిందండి" అంది.

అక్క ఆమె భుజం తట్టి పంపింది. పొలం వైపు తిరిగింది. "లైటు తీయొద్దురా. ఆయనున్నా తీయనిచ్చేవారు కాదు. ఆ దీపాలు కాస్త కిందికి తిప్పించు, అంతే" అంది. మళ్ళీ తనే, "పేరు మాత్రం చెరిపించు. దీనికి ఆయన పేరొద్దు" అంది.

ఆ పని ఇంకొకరికి అప్పగించలేదు. టర్పెంటైను సీసా, గుడ్డ తెచ్చుకుని దిమ్మె ముందు నేనే కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు, ఏంటండీ, తప్పు రాశారా అని అడిగారు. అవునండి అన్నాను. ఎవరి పేరైతే నిలవాలని అంత ఆరాటపడ్డానో, ఆ పేరును నా చేత్తోనే అక్షరం అక్షరం తుడిచాను. బావకు నేను చేసిన సేవ అదొక్కటే.

దీపాలు కిందికి తిప్పించాం. అయినా గట్టు దాకా వెలుగు పడుతూనే ఉంది. మరుసటి సాయంత్రం అక్క కెమెరా విప్పకుండానే తెనాలి వెళ్ళిపోయింది.

బావా, అందరి కళ్ళకూ చూపు సరిచేసిన మీరు నా ఒక్కడి విషయంలో ఓడిపోయారు. ఆ తప్పు మీది కాదు, నాది. మీ పాదాలకు నమస్కరించి క్షమించమని అడుగుతున్నాను. మీ బొమ్మ ఇప్పుడు అక్క ఇంట్లో కంప్యూటరులో ఉంది. ఎర్రటి మసకలో గుర్రం తల ఉందో లేదో అన్నట్టు తెలుస్తోంది, అంచులు ఇంకా తేలలేదు. తీయవలసిన మీరు లేరు. మీకోసం తీస్తానని వచ్చిన మనిషికి నేను చీకటి మిగల్చలేదు.