గేటు దగ్గర పెట్టాల్సిన ఫోను

ధర్మవరంలో పట్టు నూలుకు రంగులు అద్దే షెడ్డు ఒకటి ఉండేది. ఆ షెడ్డు గేటు దగ్గర పెట్టాల్సిన ఫోనును నేను పెనుకొండ గోడౌనులో పెట్టాను. దానివల్ల ఒక మనిషి చెయ్యి పోయింది. చెయ్యి పోయినందుకు అందరూ అతని భార్యను తప్పుపట్టారు. నేను రెండేళ్లు నోరు మూసుకుని ఉన్నాను. చెప్పాల్సింది ఇంతే. అయితే ఇంతటితో ఆపితే తప్పించుకున్నట్టు అవుతుంది. అందుకని మిగతాది కూడా రాస్తున్నాను.

మాది హిందూపురం. దూదేకుల వాళ్లం. మా నాయన ఇళ్లకు పోయి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నన్ను బడికి పంపలేదు. తొంభైలలో, నాకు నలభై దాటాక, పెద్దవాళ్లకు చదువు చెప్పే సాయంత్రం బడి మా వీధిలో పెట్టారు. పలక పట్టుకుని పోయి కూర్చున్నాను. "ఏమి సాయిబూ, ఇంగ కలెక్టరు అయితావా?" అని వీధిలో ఆడవాళ్లు నవ్వారు. ఏడాదికి తెలుగు చదవడం వచ్చింది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఆ తర్వాత ఒక్కొక్కటే నేర్చుకున్నాను. రాయడం మాత్రం సంతకం దాటి పోలేదు.

అక్షరాలు రాకముందే నాకు ఫోన్ల పని వచ్చు. హిందూపురంలో ఒక పట్టు నూలు కంపెనీకి గోడలెక్కి వైర్లు లాగేవాణ్ణి. ఆఫీసు గోడకు ఎక్స్ఛేంజి పెట్టె ఒకటి ఉండేది. దాంట్లోంచి వైర్లు జతలు జతలుగా వచ్చేవి. నీలం జత మొదటి నంబరు, నారింజ జత రెండోది, ఆకుపచ్చ జత మూడోది. రంగు తెలిస్తే చాలు, చదువుతో పనిలేదు. నంబరు వైరులో ఉండేది. ఆ వైరు కొసకు ఏ ఫోను సెట్టు తగిలించినా ఒకటే. పాడైన సెట్టు పీకేసి ఇంకొకటి పెడితే అదీ పాత నంబరుకే మోగేది. సెట్టు ఉత్త మొద్దు. పదిహేనేళ్లు నాకు తెలిసిన విద్య అదొక్కటే.

రెండువేలు దాటి ఎనిమిదో తొమ్మిదో ఏడు అనుకుంటాను, కంపెనీ వాళ్లు కొత్త ఫోన్లు తెప్పించారు. హిందూపురం ఆఫీసుకు, పెనుకొండ గోడౌనుకు, ధర్మవరం షెడ్డుకు కలిపి ఒకటే పద్ధతి. బెంగళూరులో కూర్చున్న ఇంజినీరు ఒకాయన నాకు సెల్లులో పని చెప్పేవాడు.

"ఎక్స్ఛేంజి పెట్టె యాడ తగిలియ్యాల సార్?" అని అడిగాను.

"పెట్టె లేదన్నా. అంతా క్లౌడులో ఉంటుంది. మబ్బు అనుకోండి."

"మబ్బును నమ్ముకోని మా జిల్లాలో ఎంతమంది ఎండిపోయినారో నీకు తెల్దు సార్."

ఆయన గట్టిగా నవ్వాడు. "మీరు ఇంటర్నెట్ వైరు గుచ్చండి, అంతే చాలు. మిగిలింది అదే చూసుకుంటాది. ప్రతి సెట్టుకూ దాని నంబరు మేము ఇక్కడే కట్టేసినాము. అట్టపెట్టె మీద రాసుండాది, సెట్టు అడుగున కూడా చీటీ ఉండాది. చూసి పెట్టండన్నా."

"అట్లే సార్" అన్నాను. ఆయన చెప్పలేదని నేను అనను. ఆయన చెప్పాడు, నేను విన్నాను. విన్న మాట నా పాత విద్య దాటి లోపలికి పోలేదు.

హిందూపురం ఆఫీసులో సెట్లు పెట్టేశాను. బయటి ఊళ్లకు నాలుగు మిగిలాయి. ఒకటి పెద్దది, ధర్మవరం మేనేజరు టేబులుకు. మూడు చిన్నవి, మూడూ ఒకే అచ్చు. పెనుకొండ గోడౌనుకు ఒకటి, ధర్మవరం షెడ్డుకు ఒకటి, గేటుకు ఒకటి. ప్యాసింజరు రైల్లో నాలుగు అట్టపెట్టెలు మోసుకుని ఎక్కడం కష్టమని పెట్టెలు ఆఫీసులోనే పారేశాను. సెట్లను పాత పరుపు దూదిలో చుట్టి గోనెసంచిలో వేసుకున్నాను. గీత కూడా పడకూడదని జాగ్రత్త. జాగ్రత్తంతా అక్కడే అయిపోయింది.

పెనుకొండలో దిగి గోడౌను తాళం తీయించి, సంచిలో ముందు చేతికి తగిలిన చిన్న సెట్టు పెట్టాను. వెలిగింది. ఆ గోడౌను లారీ వచ్చిన రోజే తెరుస్తారు. మళ్లీ తాళం వేయించి బస్సెక్కాను.

ధర్మవరం షెడ్డులో రంగుల పని చేసేది ఒక జంట. కనగానపల్లి దగ్గర పల్లె వాళ్లది. వానలు లేక సేద్యం వదిలి వచ్చినవాళ్లు. అతను మసిలే తొట్టిలో నూలు చిలపలు, అంటే నూలు కట్టలు, ముంచి తిప్పేవాడు. మోచేతుల దాకా రంగు ఎప్పుడూ పోయేది కాదు. ఆమె చిలపలు అందించేది, ఆరేసేది. షెడ్డు ఆవరణకు వెనక కొసన, కాలువ దాటాక ఉంటుంది. గేటు ముందు కొసన. జీపూ డ్రైవరూ గేటు దగ్గరే. షెడ్డులో ఏదైనా జరిగితే గేటుకు ఫోను చేయాలని కంపెనీ పద్ధతి.

ఫోను గోడకు పెట్టి, నంబర్ల కాగితం పక్కన అంటించి, ఆమెను పిలిచాను. "గేటుకు ఇరవైమూడు కొట్టాలమ్మా. కొట్టు చూద్దాం."

"ఇప్పుడొద్దులేన్నా, చేతులు తడి. ఇరవైమూడు. గుర్తుంటాదిలే."

తొట్టి దగ్గర నుంచి ఆమె భర్త అన్నాడు. "ఆమెకు ఫోనిచ్చినావా, ఇంగ పనైనట్టే. వాళ్లమ్మతో మాట్లాడతా కూసుంటాది."

"మా అమ్మ ఇంట్లో ఇరవైమూడు లేదులే, నువ్వు నీ తొట్టి చూసుకో" అందామె.

నేను ఇంకో మాట చెప్పాను. అది బాగా గుర్తుంది. "మోగుతాంటే మాత్రం పెట్టెయ్యొద్దు. వాచ్‌మన్‌కు చెవులు నిదానం. మోగుతాండాదంటే ఆడ వినపడ్తాండాదని అర్థం. పట్టుకోనుండు, ఎత్తుతాడు."

"ఎంతసేపు?"

"ఎత్తేదాకా."

తర్వాత గేటు దగ్గర ఆఖరు సెట్టు పెట్టాను. దాని చిన్న తెర మీద ముప్పైఒకటి అని పడింది. పక్కన గోడకు అంటించిన నంబర్ల కాగితంలో గేటుకు ఇరవైమూడు అని ఉంది. రెండూ చూశాను. అంకెలు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. బెంగళూరుకు ఫోను చేస్తే ఆయన వేరే పనిలో ఉన్నాడు. "వెలిగిందా అన్నా? పది నిమిషాలాగితే అదే సర్దుకుంటాది" అన్నాడు. తెర మీద ఏ నంబరు ఉందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వైరు గేటుకు వచ్చింది కాబట్టి గేటు నంబరే వస్తుందని నా నమ్మకం. గేటు నుంచి మేనేజరుకు కొట్టాను, పలికాడు. మళ్లీ షెడ్డుకు నడిచిపోయి అక్కడి నుంచి గేటుకు కొట్టి చూడాలి. రైలు టైమైంది. పోలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం, తడి చిలపల నీళ్లు పిండే యంత్రం దగ్గర అది జరిగింది. గిర్రున తిరిగే ఇనుప గంగాళం అది. పూర్తిగా ఆగకముందే అతను మూత తీసి చెయ్యి పెట్టాడు. అందరూ రోజూ చేసే పనే. చిలప మణికట్టుకు చుట్టుకుంది. చెయ్యి లోపలికి లాగేసింది.

ఆమె మోటారు ఆపింది. కొంగు చించి మోచేతి పైన కట్టింది. ఇరవైమూడు కొట్టింది. మోగింది. పట్టుకుని నిలబడింది. మోగి మోగి అదే ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. మళ్లీ మోగింది. ఫోను చచ్చిపోయి ఉంటే ఆమె వెంటనే పరుగెత్తేది. మోగింది కాబట్టి నిలబడింది. చివరికి ఫోను వదిలేసి కాలువ దాటి గేటుకు పరుగెత్తితే, వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "ఫోనా? యాడ మోగిందమ్మా, నేనీడనే ఉండానే" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు.

జీపులో అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోయారు. మోచేతి దాకా తీసేశారు. అక్కడ డాక్టరు ఒకాయన, "ఇంకొంచెం ముందు తెచ్చుంటే చెయ్యి నిలబడేదేమో" అన్నాడంట. నిజంగా నిలబడేదో లేదో ఎవరికి తెలుసు. ఆయన ఆ మాట అనేసి ఇంకో మంచం దగ్గరికి పోయుంటాడు. ఆ మాట మాత్రం ఆమె నెత్తిన కూర్చుంది.

మరుసటి రోజు మేనేజరు నన్ను పిలిపించాడు. "ఏమప్పా, గేటు ఫోను మోగలేదంట. చూడు."

గేటుకు పోయాను. తెర మీద ముప్పైఒకటి అట్లే ఉంది. సెట్టు తిరగేశాను. అడుగున చీటీ. అంకె, దాని పక్కన పెనుకొండ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. చదవడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.

ఆ సెట్టు సంచిలో వేసుకుని పెనుకొండ పోయాను. గోడౌను తాళం తీయించాను. చీకటి గదిలో ఆ చిన్న తెర ఒక్కటే వెలుగుతోంది. ఇరవైమూడు. దాని కింద, ఎత్తని కాల్స్ నాలుగు అని. ఎక్కడి నుంచి వచ్చాయో, ఎన్ని గంటలకు వచ్చాయో కూడా ఉంది. షెడ్డు నంబరు, నాలుగు సార్లు, ఒకదాని కింద ఒకటి. వైరు పీకేశాను. తెర ఆరిపోయింది. సెట్లు మార్చి, సాయంత్రానికి ధర్మవరంలో గేటు దగ్గర అసలుది పెట్టి, ఈసారి షెడ్డుకు నడిచిపోయి ఇరవైమూడు కొట్టి చూశాను. వాచ్‌మన్ రెండోసారి మోగగానే ఎత్తాడు.

"ఏమయిందప్పా?" అన్నాడు మేనేజరు.

"వైరు లూజు సార్" అన్నాను.

ఆ వారంలోనే అతన్ని చూడటానికి పోయాను. మంచం పక్కన అతని తల్లి కూర్చుని ఉంది. వచ్చినవాళ్లకంతా ఒకే మాట చెబుతోంది. "మొగుని చెయ్యి నలుగుతాంటే ఈమె ఫోను చెవిలో పెట్టుకోని నిలబడిందంట నాయనా. నిలబడిందంట." కోడలు మూలన తల వంచుకుని ఉంది. నా వైపు ఒకసారి చూసి, "మోగిందన్నా. నువ్వు పెట్టెయ్యొద్దంటివి కదా" అంది. అడగలేదు, నిందించలేదు, ఉత్తగా చెప్పింది. నేను తెచ్చిన అరటిపండ్లు మంచం మీద పెట్టి వచ్చేశాను.

వాళ్లు సొంత ఊరికి పోయారు. కొన్నాళ్లకు నా పని కూడా పోయింది. కొత్త ఫోన్లకు గోడలెక్కేవాడు అక్కర్లేదన్నారు. నిజమే.

రెండేళ్ల తర్వాత ధర్మవరం బస్టాండులో ఆ వాచ్‌మన్ కనబడ్డాడు. టీ తాగుతూ ఆ మాటా ఈ మాటా చెబుతూ, ఆమె సంగతి ఎత్తాడు. "పాపం ఆయమ్మను ఊర్లో బతకనియ్యడం లేదప్పా. నీళ్లకు పోతే, 'ఏమ్మే, ఎత్తినాడా?' అంటారంట. ఈదిలో పిల్లోళ్లకూ అదే ఆట అయింది. మొగుడు కూడా అంటాడంట." నేను టీ గ్లాసు కింద పెట్టేసి, అక్కడి నుంచే కనగానపల్లి బస్సెక్కాను. ఇంటికి పోయి ఆలోచిస్తే మళ్లీ పోనని నాకు తెలుసు.

ఆమె అరుగు మీద చేట ముందర పెట్టుకుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టింది. నేను కూర్చోకుండానే చెప్పాను, సెట్టు మార్చి పెట్టింది నేనేనని, అది పెనుకొండలో మోగిందని. ఆమె ఒలుస్తూనే ఉంది.

"ఎన్ని సార్లు మోగిందో తెల్సా నీకు?" అంది.

"నాలుగు."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. "ఆ లెక్క నేను ఎవురికీ చెప్పలేదు" అంది. మళ్లీ ఒక కాయ ఒలిచి, "నాకెందుకు చెప్తావన్నా. నేను మోగిందనే అంటాండా కదా. మా అత్త లోపలుండాది. ఆయప్ప గొర్రెలు తోలుకొని వస్తాడు. వాళ్లకు చెప్పు" అంది.

అతను వచ్చేదాకా ఆగాను. ఖాళీ చొక్కా చెయ్యి ముడి వేసుకుని ఉన్నాడు. మిగిలిన చేతికి రంగు లేదు, మట్టి ఉంది. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. అతను గొర్రెల వైపు చూస్తూ ఉన్నాడు. ముసలామె మాత్రం, "అయినా మోగుతాంటే నిలబడేదేంది? పరిగెత్తాల గదా" అంది.

"నిలబడమని చెప్పింది కూడా నేనేనవ్వా" అన్నాను.

"చెప్తే మాత్రం?" అందామె. అయినా గొంతు కొంచెం తగ్గింది.

"రెండేండ్లు యాడుంటివి?" అన్నాడు అతను, గొర్రెల వైపు నుంచి తల తిప్పకుండా. "హిందూపురంలోనే" అన్నాను. అతను లేచి గొర్రెలను దొడ్లోకి తోలాడు.

కోడలు చేట పక్కన పెట్టింది. "నువ్వు బస్సెక్కినంక వీళ్లు మళ్లీ మరిసిపోతారు. నీకు రాత వచ్చునంటారే. రాసియ్యి."

"సంతకం తప్ప ఎప్పుడూ రాయలేదమ్మా."

"అయితే ఇప్పుడు రాయి."

పాత క్యాలెండరు కాగితం చింపి ఇచ్చింది. వెనక వైపు ఖాళీ. అరుగు మీద బోర్లా పడుకుని రాశాను. పెద్ద పెద్ద అక్షరాలు, వంకర వరసలు. ఒక్క పేజీకి పొద్దు వాలిపోయింది. చదివి వినిపించాను. ముసలామె కూడా గడప దగ్గర నిలబడి విన్నది.

"నేను నిలబడినానని రాసినావా?" అంది కోడలు.

"రాసినా."

"మోగింది కాబట్టి అని?"

"రాసినా."

"యాడుండాది?"

వేలు పెట్టి చూపించాను. ఆ వరస మీద ఆమె తన వేలు కూడా ఒకసారి జరిపింది. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి, లోపలికి పోయి, రేషను కార్డు ఉన్న డబ్బాలో పెట్టుకుంది. బయటికి వచ్చి మళ్లీ చేట ముందర వేసుకుని కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆఖరు బస్సు టైముకు నేనే లేచాను.