సుత్తత్త పూలదుప్పటి

ఆ వీధిలో అందరూ ఆవిడను సుత్తత్త అంటారు. మాటలతో ప్రాణం తోడేసే మనిషేమో అనుకునేరు! ఆవిడ నోట మాట రావడమే గగనం. ఆవిడ చేతిలో ఉండేది అచ్చమైన ఇనుప సుత్తి.

పటిక నీళ్లలో తడిపి ఆరబెట్టిన తెల్లగుడ్డను మేడమీద గదిలో చెక్కబల్ల మీద పరుస్తుంది. దాని మీద అప్పుడే కోసిన ఆకునో పువ్వునో బోర్లించి, పైన కాగితం కప్పి, అంచు నుంచి నడిమికి టకటకమని కొట్టుకుంటూ వస్తుంది. కాగితం తీసి, నలిగిన పిప్పిని గోటితో గీరేస్తే పువ్వు పోయి దాని రంగు ఈనెలతో సహా గుడ్డకు అంటుకుని ఉంటుంది. మెల్లగా కొడితే రంగు దిగదు, గట్టిగా కొడితే పువ్వు ముద్దయిపోతుంది. భర్త పోయాక కొడుకును ఆవిడ ఒంటిచేత్తో పెంచింది ఈ సుత్తితోనే.

ఏడాది పొడుగునా ఆకులతో నెట్టుకొచ్చినా, ఆవిడ ప్రాణమంతా వసంతం మీదే. పెరటిగోడ మీది తీగ అప్పుడే ఊదారంగు పూలు పూస్తుంది. పొద్దున కోసిన పువ్వే రంగు దిగుతుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది. వారం పది రోజుల్లో తీగ ఏమీ ఎరగనట్టు మళ్లీ ఆకులతో నిలబడుతుంది. కోడలు కడుపుతో ఉన్నప్పుడు ఆ బల్ల పక్కనే చాప మీద రోజూ కునుకు తీసేది. ఈసారి పూలతో పుట్టబోయే బిడ్డకు దుప్పటి చేస్తానని సుత్తత్త అప్పుడే మాటిచ్చింది.

తీగ పూత మొదలైన రోజునే ఆసుపత్రి నుంచి మనవరాలు కింది వాటాలోకి వచ్చింది. కూడా కోడలి తల్లి, అంటే సుత్తత్తకు వదినగారు, దిగింది. చాలా మంచి మనిషి. కాకపోతే ఆవిడ ఉన్న ఇంట్లో ఈగ కూడా అడిగి ఎగరాలి. మర్నాడు సుత్తి ఇలా రెండుసార్లు మోగిందో లేదో, ఆవిడ మెట్లెక్కి వచ్చేసింది.

“వదినగారూ, పసిపిల్ల పడుకునే ఇల్లండీ ఇది. ఏంటీ దరువు? పిల్ల ఉలిక్కిపడదూ?”

“నిజమేనండీ, నాకు తట్టలేదు,” అన్నది సుత్తత్త.

వదినగారు అంతటితో ఊరుకోలేదు. ఎందుకైనా మంచిదని సుత్తిని కూడా పట్టుకుపోయింది.

సుత్తత్తకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ పిల్ల నిద్రకంటే పూలెక్కువా అని తనను తానే తిట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. పూలు పూస్తున్నాయి, వాడుతున్నాయి, గోడవారన రాలుతున్నాయి. ఇంకో ఏడాది ఆగాలి కదా అనుకుంటే ఆవిడకు ఏడుపొచ్చింది.

కింద చూస్తే చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పిల్ల ఒక్కతే గుక్కపట్టి ఏడుస్తోంది. డాక్టరు చూసి, గుండ్రాయిలా ఉంది, భయం లేదు పొమ్మన్నాడు. ఎత్తుకున్నా, ఊపినా, బతిమాలినా నిద్రపోదు. ఇంటిల్లిపాదికీ కళ్లు గుంటలు పడ్డాయి.

ఒక ఉదయం ఎదురింటి తలుపు బాగుచేయడానికి వడ్రంగి వచ్చాడు. అతను మేకు కొట్టడం మొదలుపెట్టగానే కింద ఏడుపు ఠక్కున ఆగింది. అతను ఆపితే పిల్ల అందుకుంది. మళ్లీ కొడితే ఊరుకుంది. సుత్తత్తకు అప్పుడు వెలిగింది. కడుపులో ఉన్నన్నాళ్లూ పిల్ల పడుకున్నది ఈ చప్పుడులోనే! కానీ తను వెళ్లి చెబితే సుత్తి కోసం ఎత్తు వేసిందనుకుంటారని నోరు కట్టుకుంది.

అప్పటికే వదినగారు గేటు దాటి వడ్రంగి ముందు నిలబడి ఉంది.

“ఏం బాబూ, ఇంకాసేపు కొట్టొచ్చుగా?”

“పనైపోయిందమ్మా. ఇంకా కొడితే తలుపు విరిగిపోతుంది.”

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వదినగారి భుజాన ఏడుస్తున్న పిల్ల, చేతిలో సుత్తి. వెనకాల నవ్వు ఆపుకుంటూ కోడలు.

“ఏమీ అనుకోకండి వదినగారూ. కాస్త కొట్టండి.”

“పూలు కావాలి కదండీ,” అన్నది సుత్తత్త. అడగ్గానే ఒప్పుకుంటే ఇన్నాళ్లు పడ్డ ఉక్రోషం ఏమైపోవాలి?

పిల్లను కూతురి చేతికిచ్చి, వదినగారే వెళ్లి గోడ మీద మిగిలిన పూలన్నీ కోసుకొచ్చింది. ఆ ఏటికి అవే ఆఖరివి.

సుత్తి మోగింది. ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది, వెక్కిళ్లు ఆగాయి. ఒక్కో పువ్వూ గుడ్డ మీదికి దిగుతుంటే పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. ఇంకో మూల మిగిలి ఉండగానే పూలైపోయాయి. సుత్తత్త చెయ్యి ఆపింది. పిల్ల పెదవి విరిచింది.

“ఆపకండి, మీకు పుణ్యముంటుంది,” అని వదినగారు గుసగుసగా చేతులు జోడించింది.

సుత్తత్త ఆ ఖాళీ మూల మీదే కాగితం పరిచి కొడుతూ కూర్చుంది. చెయ్యి పీకింది. అయినా ఆవిడకు అంత సంతోషం ఇన్నేళ్ల పనిలో ఎన్నడూ కలగలేదు.

మరుసటి వసంతంలో తీగ విరగబూసింది. ఆ మూల నింపేయమని కొడుకు చెప్పినా ఆవిడ ముట్టుకోలేదు. ఇంత చక్కటి దుప్పటికి ఆ మూల బోసిగా వదిలేశారేమండీ అని ఎవరైనా అడిగితే, సుత్తత్త నోరు విప్పేలోపే వదినగారు అందుకుంటుంది.

“వదిలెయ్యలేదండీ, అక్కడా కొట్టారు. అక్కడ కొట్టినప్పుడే మా బుజ్జిది నిద్రపోయింది.”