బుధవారం నేను ఆ ఊళ్లో లేను

దయ్యం పట్టిందని నా దగ్గరికి తీసుకొచ్చినవాళ్లలో చాలామందిని ముందు డాక్టరు దగ్గరికి పంపినవాణ్ణి నేను. పాస్టరునై ఉండి కూడా, కంటికి కనిపించనివాళ్ల కథలు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో పదకొండేళ్లు సంఘ కాపరిగా ఉన్నాను. రాయదుర్గానికి బదిలీ అయింది. వెళ్లేముందు చివరి వారం ఊపిరి సలపలేదు. సోమవారం ఒక పెళ్లి చేశాను. మరుసటి రోజు ముగ్గురికి బాప్తిస్మం. చెరువులో నీళ్లు లేక బోరు దగ్గరి సిమెంటు తొట్టిలో ఇచ్చాం. బుధవారం సంఘం రిజిస్టర్లు అప్పజెప్పడానికి నా భార్యతో కలిసి అనంతపురంలోని మా సంఘాల ఆఫీసుకు వెళ్లాను. తొలి బస్సుకు వెళ్లి, పొద్దుగూకాక తిరిగొచ్చాం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఆఫీసులో నా సంతకాలున్నాయి.

ఇక ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చేసి సెలవు తీసుకోవాలి. అందరి పేర్లూ కాగితం మీద రాసుకున్నాను, ఒక్క యేసోబన్న పేరు తప్ప.

ఆరేళ్ల కిందట, బోరు ఎండి వేరుశనగ పంట పోయాక, ఆయన కొడుకు ప్రభాకర్ పురుగుల మందు తాగి చనిపోయాడు. అలా పోయినవాణ్ణి చర్చిలోకి తేకూడదని సంఘ పెద్దలు పట్టుబట్టారు. నేను సరేనన్నాను. సమాధి దగ్గరికి కూడా వెళ్లలేదు. యేసోబన్న తన చేను పక్కనే కొడుకుని పూడ్చుకున్నాడు. ఆ తరువాత ఆయన గానీ, భార్య సుంకమ్మ గానీ చర్చి మెట్టెక్కలేదు. నేనూ వాళ్ల వీధి మొహం చూడలేదు.

గురువారం ఆటో నడిపే ఖాదర్ నన్ను చూసి ఆగాడు.

"నిన్న మధ్యాన్నం అంత ఎండలో చేన్ల దోవన పోతాంటిరి. పిలిస్తే పలకల్యా. నామీద ఏమన్నా కోపమా సార్?"

ఎవరినో చూసి నేననుకున్నావని నవ్వేశాను.

శనివారం మధ్యాహ్నానికి పుస్తకాలు మూటగట్టడం అయిపోయింది. ఆ వారమంతా నిద్ర చాలలేదు. అన్నీ నీళ్లలోంచి చూస్తున్నట్టు కొంచెం దూరంగా, మెత్తగా కనిపించేవి. ఈ మాట దాచను. ఇకముందు చెప్పేదంతా ఆ నిద్రలేమివల్లే అలా అనిపించిందేమో అని మీరు అనుకోవచ్చు. చెప్పులేసుకుని బయల్దేరాను. ఎక్కడికో అనుకోలేదు. ఎర్రమట్టి మీద ఎండ ఆవిరిలా ఆడుతోంది. కొండమీద గాలిమరలు తిరుగుతున్నాయి, చప్పుడు మాత్రం వినబడలేదు. తలెత్తి చూస్తే యేసోబన్న వాకిట్లో ఉన్నాను.

సుంకమ్మ చాటలో వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. మంచాన్ని నీడలోకి జరిపింది. యేసోబన్న లోపలినుంచి వచ్చాడు.

"మళ్లీ వచ్చినారే అయ్యా. ఏమన్నా మర్సిపోతిరా?"

నాకు అర్థం కాలేదు. ఇద్దరూ కలిసి చెప్పారు. బుధవారం పొద్దు నడినెత్తినున్నప్పుడు వచ్చానట. ఈ మంచం మీదే కూర్చున్నానట. నీళ్లిస్తే తాగలేదట. పిల్లోడు యాడున్నాడో చూపించమన్నానట. అక్కడ మోకరించి, ప్రభాకర్‌ని పేరు పెట్టి పిలిచి, తప్పు చేసినానని ఏడ్చానట.

ఆ మాటలు ఆరేళ్లుగా నా గొంతులో ఉన్నవే. ఎవరితోనూ, నా భార్యతో కూడా అనలేదు.

సమాధి దగ్గరికి తీసుకెళ్లమన్నాను. దాని ముందు ఎండిన మట్టిలో రెండు మోకాళ్ల గుంటలున్నాయి. ఆ గాలికి మూడు రోజుల్లో పూడిపోవాల్సినవి. వాటిలో మోకాళ్లు పెట్టే ధైర్యం రాక పక్కన మోకరించాను.

"నేను బుధవారం రాలేదు యేసోబన్నా. అనంతపురంలో ఉన్నాను. ఇప్పుడే వచ్చాను. తప్పు చేశాను, క్షమించు" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. కోప్పడనూ లేదు.

"వచ్చినోళ్లు ఎవరో గానీ అయ్యా, నేను చెప్పాల్సింది ఆయప్పకు చెప్పినా. అది ఇంగోసారి నా నోటికి రాదు."

ఏం చెప్పావని అడగలేకపోయాను.

మరునాడు చివరి ఆరాధనకు సుంకమ్మ వచ్చింది. ఆడవాళ్ల వైపు ఆఖరున కూర్చుని, ముగిసేదాకా ఉంది. యేసోబన్న రాలేదు. సోమవారం మేం రాయదుర్గం వెళ్లిపోయాం.

అలసటవల్ల నేను పొరబడ్డానంటే ఒప్పుకుంటాను. ఖాదర్, యేసోబన్న, సుంకమ్మ, ముగ్గురూ ఒకేలా ఎలా పొరబడతారో నాకు తెలియదు. బుధవారం ఆ ఇంటికి ఎవరు వెళ్లారో ఇప్పటికీ చెప్పలేను. నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం అది కాదు. యేసోబన్న ఏదో జవాబు ఇచ్చాడు. అది క్షమాపణో, శాపమో, నాకు రావాల్సింది ఎవరో విని వెళ్లిపోయారు.