ఇంజను దించే ముందు

నాన్న పోయిన రెండు నెలలకు, కంకిపాడులో మా ఇంటి వాకిట్లో, గేటు లోపల ఉన్న ఆయన పాత లారీ దగ్గర చేరాం. దారిలో ఆగిపోయిన బండ్లను లాక్కొచ్చే లారీ అది. ఇంజను దించి, అరిగిపోయిన సిలిండర్లకు బోరు చేయిస్తే, నాన్న పని తమ్ముడు చేసుకుంటాడని మా ఆలోచన.

"ముందొకసారి స్టార్ట్ చెయ్యి బాబూ. శబ్దం వింటే రోగం తెలిసిపోద్ది," అన్నాడు మెకానిక్.

తమ్ముడు తాళం తిప్పాడు. నాన్న పోయాక ఆ ఇంజను మోగడం అదే మొదటిసారి.

పెరట్లోంచి అమ్మ తడిచేతులతో గబగబా వచ్చి గేటు బార్లా తీసింది. "అన్నం తినకుండా ఎక్కడికండీ?" అంటూ లారీ వైపు చూసింది. తమ్ముడు కనిపించాడు. గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తమ్ముడు ఇంజను ఆపేశాడు. "వద్దక్కా, బండి అమ్మేద్దాం," అన్నాడు నాతో.

అమ్మ గేటు మూసి వచ్చి మెకానిక్‌ని అడిగింది. "బోరు చేస్తే ఈ శబ్దం ఉండదా బాబూ?"

"మారిపోద్దమ్మా. మెత్తగా ఆడుద్ది."

"అయితే దించెయ్యండి. బండి ఆగిపోయినోళ్లు ఆయనకింకా ఫోన్లు చేస్తానే ఉన్నారు."

మర్నాడు ఇంజను దించారు. ఆ పాత శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి ఉంచాలని మాలో ఎవరికీ తట్టలేదు. తట్టి ఉన్నా, దాన్ని అమ్మ ముందు వినిపించే ధైర్యం నాకు లేదు.