జ్వరం డాక్టరు, చల్లని పెట్టె

ఆ వీధిలో అతన్ని అందరూ జ్వరం డాక్టరు అంటారు. అతను వైద్యం చేసేది ఆంప్లిఫయర్లకి. ఎవరైనా పాడైన పెట్టె తెచ్చి బల్ల మీద పెడితే ముందు మీటరు తియ్యడు, మూత విప్పడు. కరెంటు ఇచ్చి, ఒక పాట పెట్టి, కాసేపు ఆగి, పెట్టె వెనకున్న అల్యూమినియం రెక్కల మీద వేళ్ళ వెనక వైపు ఆనిస్తాడు. కళ్ళు మూసుకుంటాడు.

"కుడి పక్క బతికే ఉంది. ఎడమ పక్క చల్లగా ఉంది, పోయింది."

మూత విప్పితే సరిగ్గా అంతే.

"ఆ డబ్బాల మీద పెట్టే చెయ్యి నా నుదుటి మీద ఎప్పుడైనా పెట్టారా?" అని భార్య దెప్పుతుంది.

"నువ్వెప్పుడు చల్లబడ్డావే, చూడ్డానికి?" అంటాడు. ఆమె నవ్వాపుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

అలా చూడటం అతనికి అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. అక్కకి ఎనిమిదేళ్ళప్పుడు జ్వరం తగిలింది. పదకొండు రోజులు అమ్మ వేళ్ళ వెనక వైపు అక్క నుదుటికి ఆనించి, ఏమీ అనకుండా చెయ్యి తీసేసేది. పన్నెండో రోజు పొద్దున్న, కిటికీలోంచి వెలుగు మంచం దాకా వచ్చాక, "జ్వరం లేదు" అంది. ఇంట్లో ఆ మాట అందరికీ వినపడింది, అక్కకి తప్ప. పోతూ పోతూ జ్వరం ఆమె చెవులు రెండూ పట్టుకుపోయింది. అమ్మ పెదాలు కదలడం మాత్రం ఆమె చూసింది. పెదాల మీద ఆమె చదివిన మొదటి మాట అదే.

అప్పుడు తమ్ముడికి ఆరేళ్ళు. ఇంట్లో చెక్క రేడియో ఒకటుండేది. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, కాళ్ళు తడబడుతూ, తెచ్చి అక్క ఒళ్ళో పెట్టేవాడు. వెనక అట్టకున్న చిల్లుల్లోంచి వెచ్చని గాలి వచ్చేది. అక్క పెట్టె చుట్టూ చేతులు వేసి, గడ్డం ఆనించుకుని కూర్చునేది. వేణువు పాడుతుంటే ఊరికే చూసేది. డోలు మోగగానే ముఖం విచ్చుకునేది. చూసి చూసి ఆ పిల్లవాడికి ఒక సంగతి తెలిసింది. పాటకి కూడా నేల ఉంటుంది. బరువైన స్వరాలన్నీ ఆ నేల మీదే నడుస్తాయి. అక్క అక్కడ వింటోంది.

అతని బతుకంతా ఆ నేల దగ్గరే గడిచింది. వెచ్చగా ఉంటే పాడుతున్నట్టు, చల్లబడితే ఆగినట్టు. ముప్పై అయిదేళ్ళ పనిలో ఈ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

అక్క పెద్దయ్యాక, వినపడని పిల్లలు చదివే బడిలో నాట్యం నేర్పే టీచరయింది. పిల్లలు చెక్క వేదిక మీద ఆడుతుంటే ఆమె కింద నిలబడి, లావుపాటి కర్రతో చెక్కల అంచు మీద తాళం కొట్టేది. దెబ్బ చెక్కలోంచి వాళ్ళ అరికాళ్ళకి ఎక్కేది. ఇరవై ఆరేళ్ళు అలాగే కొట్టింది. కర్ర పట్టే మనిషి కిందే ఉండాలి కనక ఆమె ఒక్కసారి కూడా వేదిక ఎక్కలేదు.

ఈ ఏడాది వార్షికోత్సవానికి పిల్లలు మొండికేశారు. టీచర్ కూడా మాతో ఆడాల్సిందేనని చేతులు తిప్పి తిప్పి చెప్పారు. ఆమె తమ్ముడి షాపుకొచ్చి బల్ల ముందు నిలబడింది. ఆమె గొంతు ఎప్పుడూ ఒకే ఎత్తులో, కాస్త గట్టిగా ఉంటుంది. సగం వీధి వింది.

"ఒరేయ్, నాకు బదులు నేలని ఎవరు కొడతారు రా?"

"నేను కొడతానక్కా. కర్ర లేకుండా."

అన్నట్టే వేదిక కింద రెండు సబ్‌వూఫర్లు బిగించాడు. పాటలోని అడుగు స్వరాలని మాత్రమే మోసే పెద్ద స్పీకర్లవి. వాటికి తన చేత్తో కట్టిన ఆంప్లిఫయర్ ఇచ్చాడు. క్లాస్ ఏబీ రకం, ఎత్తాలంటే నడుము పట్టేసేంత బరువు. దాన్ని వేదిక పక్కన చెక్క అరలో పెట్టాడు.

నాట్యం పదహారు నిమిషాలు. రిహార్సల్లో పదకొండో నిమిషానికి ఆంప్లిఫయర్ ఒళ్ళు మరిగిపోయి తనంతట తను ఆగిపోయింది. కాలిపోకుండా అలా ఆగే ఏర్పాటు చేసింది అతనే. ప్రేక్షకుల కోసం పక్కన విడిగా పెట్టిన స్పీకర్లలో వేణువు పాడుతూనే ఉంది కానీ అది వేదిక మీద ఎవరికీ అందదు. పిల్లలు ఒక్కొక్కరే, కీ అయిపోయిన బొమ్మల్లా, నిలబడిపోయారు. అక్క ఎత్తిన కాలు గాల్లోనే ఉంది. దాన్ని ఎక్కడ దించాలో తెలియక తమ్ముడి వైపు చూసింది.

"నేల ఏది రా?"



మర్నాడు అరకి ఫ్యాను పెట్టాడు. రెండు నిమిషాలు కలిసొచ్చాయి. ఆ మర్నాడు, సౌండ్ తగ్గిస్తే వేడి తగ్గుతుందని సగానికి దించాడు. పెట్టె ఇంకా ముందే ఆగింది. అక్క చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండా అంది: "రేపు కర్ర తెచ్చుకోనా, వద్దా? ఒక్క ముక్క చెప్పు చాలు. తెచ్చుకుంటే కిందే ఉంటాను. నాకేం కొత్త కాదు."

అలవాటైన గొంతుతో అంది. ఆ అలవాటే అతను తట్టుకోలేకపోయాడు.

షాపుకి ఎదురుగా కార్లలో పాటల పెట్టెలు బిగించే అమ్మాయి ఉంది. ఒకప్పుడు సోల్డరింగ్ పట్టడం అతని దగ్గరే నేర్చుకుంది. సంగతంతా విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"బాబాయ్, ఏబీని చెక్క అరలో పెట్టి ఉడకేస్తున్నారా?"

"ఉడికితేనే రుచి."

"సౌండ్ తగ్గించి ఇంకా మంట పెంచారు. ఏబీ అంటే ఏమిటి? కుళాయి సగం సగం తిప్పి నీళ్ళు వదలడం. ఆపిన భాగం ఊరికే పోదు, వేడవుతుంది. బాగా తెరిచినప్పటి కంటే మధ్యలో ఉంచినప్పుడే ఎక్కువ కాగుతుంది. ఇది మీరు చెప్పిందే నాకు!"

"చెప్పే ఉంటాను," అన్నాడు నీరసంగా. "అయితే నీ క్లాస్ డీ ఏం చేస్తుంది?"

"మధ్యలో ఆగదు. పూర్తిగా తెరుస్తుంది, పూర్తిగా మూస్తుంది, సెకనుకి లక్షలసార్లు. ఇక వేడవడానికి మిగిలేది ఎంత? చివర్న ఒక కాయిలు, ఒక కెపాసిటరు ఆ టకటకని నున్నగా చేసి పంపిస్తాయి."

"టకటకలాడితే పాటవుతుందటమ్మా?"

"వేణువు సంగతైతే మీతో వాదించను. డోలుకి మాత్రం దీన్ని మించింది లేదు. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో గంటలు గంటలు మోగుతుంది. మీ అరలో పదహారు నిమిషాలు మోగదా?"

కార్యక్రమం రోజు పొద్దున్న ఆ అమ్మాయే ఒక క్లాస్ డీ పెట్టె తెచ్చింది. అతను ఒంటిచేత్తో ఎత్తి చూశాడు. "ఇది ఆంప్లిఫయరా, టిఫిన్ డబ్బానా?"

బిగించి రెండు నిమిషాలు మోగించాడు. అక్క ఒట్టి కాళ్ళతో చెక్కల మీద నిలబడి, కళ్ళు మూసుకుని, తల ఊపింది. మళ్ళీ అడిగింది. "కర్ర?"

"వద్దక్కా."

అన్నాడు గానీ నమ్మకం చాల్లేదు. ఎవరికీ చెప్పకుండా పాత ఏబీని కూడా పక్కనే పెట్టి, మధ్యలో ఒక స్విచ్చు బిగించాడు. కొత్తది చస్తే పాతదానికి మార్చొచ్చు. పాతది మేలుకోవడానికి ఆరు సెకన్లు పడుతుంది. ఆ ఆరు సెకన్లూ నేల ఉండదు. ఆ మాట తలుచుకోకుండా స్క్రూ తిప్పాడు.

మధ్యాహ్నం తెర లేచింది. ఏడుగురు పిల్లలు, వాళ్ళ మధ్య యాభై రెండేళ్ళ అక్క. అతను తెర పక్కన, సిమెంటు నేల మీద, అరకి ఆనుకుని నిలబడ్డాడు. ప్రేక్షకుల వైపు పెట్టిన స్పీకరు చెవి పక్కనే ఉంది. వేణువు తప్ప అతనికి ఇంకేమీ వినపడటం లేదు.

పదో నిమిషం. పదకొండో నిమిషం. చెయ్యి తనంతట తనే అరలోకి వెళ్ళి, వేళ్ళ వెనక వైపు కొత్త పెట్టెకి ఆనింది.

చల్లగా ఉంది. వానాకాలపు కిటికీ ఊచలా చల్లగా ఉంది.

పోయింది! ముప్పై అయిదేళ్ళ లెక్క అదే చెప్పింది. రెండో చెయ్యి స్విచ్చు మీదకి వెళ్ళింది. వేలు బిగిసింది. నొక్కేముందు, అక్క ముఖం ఎలా ఉందో చూడాలనిపించి తలెత్తాడు.

ముఖం చూడలేదు. పాదాలు కనిపించాయి.

కుడి కాలు లేచింది. గాల్లో ఒక్క క్షణం, రిహార్సల్లో నిలిచిపోయిన అదే ఎత్తులో, ఆగింది. మెల్లగా, ఇంటికొచ్చిన మనిషి గుమ్మం దాటినట్టు, కాలు దిగింది. ఏడుగురు పిల్లల కాళ్ళూ దానితోపాటే దిగాయి. మళ్ళీ లేచాయి. మళ్ళీ దిగాయి. వాటి కింద నేల ఉంది.

అతను స్విచ్చు మీద నుంచి వేలు తీశాడు. రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు, మళ్ళీ ఏ పెట్టెనీ ముట్టుకోకుండా. మిగిలిన అయిదు నిమిషాలూ ఆ పాదాలనే చూశాడు.

తెర పడ్డాక అక్క రొప్పుతూ వచ్చింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. అరలో రెండు పెట్టెలు, మధ్యలో స్విచ్చు ఆమె కంటపడ్డాయి. తమ్ముడి ముఖం కూడా చూసింది. ఇక చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆమె వంగి, వేళ్ళ వెనక వైపు కొత్త పెట్టెకి ఆనించింది. కళ్ళు మూసుకుంది. తెర వెనకున్న వాళ్ళందరికీ వినపడేంత గట్టిగా, ఎత్తూ పల్లం లేని ఆ గొంతుతో అంది:

"జ్వరం లేదు."

ఆ చేతినే తీసి, చెమట కారుతున్న తమ్ముడి నుదుటి మీద పెట్టింది.

"నీకే ఉంది."